మా చేతిలో పని మాకు ఉంచండి: దూరాన ఉన్న పిల్లలకు ఓ బహిరంగ లేఖ

అమెరికాలో, ఆస్ట్రేలియాలో, గల్ఫ్‌లో, బెంగళూరులో ఉంటున్న మా ఊరి పిల్లలందరికీ,

రాజమండ్రి నుంచి రాస్తున్నాను. పేరెందుకులెండి, మీ నాన్నల్లో ఒకణ్ణనుకోండి. వయసు 72. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో చేసి హెడ్ క్యాషియర్‌గా రిటైరయ్యాను. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, అమ్మాయి పుణెలో ఉంటుంది. ఇద్దరూ మంచి పిల్లలు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పోయిన సంక్రాంతికి మా అబ్బాయి ఒక ట్యాబ్ పంపాడు. అందులో మెదడుకు వ్యాయామం చేయించే ఆటలున్నాయి. ఏడాది చందా కూడా తనే కట్టేశాడు. "రోజుకి ఇరవై నిమిషాలు ఆడు నాన్నా, మతిమరుపు రాదు" అన్నాడు. మొదటి వారం నా మార్కులు మా వయసువాళ్ల సగటు కన్నా తక్కువని చూపించింది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. పట్టుబట్టి ఆడాను. నెల తిరిగేసరికి పైమెట్టు మీద ఉన్నాను. స్క్రీన్‌షాట్ పంపితే "సూపర్ నాన్నా" అని మెసేజ్ వచ్చింది. అదే వారంలో పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయి గిన్నె మాడ్చేశాను. అప్పుడు ఏం చేస్తున్నానంటే, ఆ జ్ఞాపకశక్తి ఆటే ఆడుతున్నాను.

ట్యాబ్‌తో పాటే ఇంట్లో ఇంకొన్ని మార్పులు జరిగాయి. కరెంటు బిల్లు, ఫోను బిల్లు, ఇంటి పన్ను అబ్బాయి అక్కణ్ణుంచే కట్టేస్తున్నాడు. సరుకులు అమ్మాయి ఫోన్లో ఆర్డరు పెడితే గుమ్మంలోకి వస్తున్నాయి. వంటకి మనిషిని పెట్టారు. నా మాత్రలు సోమవారం నుంచి ఆదివారం దాకా గళ్ల డబ్బాలో ఆ వంటమ్మాయే సర్దుతుంది. స్కూటర్ తాళంచెవి ఎవరు దాచారో నాకు తెలుసు గానీ, అది ఇంటి గుట్టు. ఏది చేయబోయినా "నీకెందుకు నాన్నా శ్రమ" అంటారు. ఒక రోజు పొద్దున కాఫీ తాగుతూ ఆలోచిస్తే, రాత్రి పడుకునేదాకా నా బుర్ర తేల్చవలసిన పని ఒక్కటీ కనిపించలేదు.

రైతుబజారుకి వెళ్లడం ఎంత పనో ఎప్పుడైనా గమనించారా? వంకాయల ధర అడగాలి, పక్క కొట్టులో చెప్పిన ధరతో పోల్చుకోవాలి, ఇంకా ఏమేం కొనాలో గుర్తుండాలి, ఐదొందల నోటుకి తిరిగొచ్చిన చిల్లర సరిచూసుకోవాలి, ఎదురుపడ్డ మనిషి పేరు తట్టేదాకా ఏదో మాట్లాడుతూ నెట్టుకురావాలి. లెక్క, జ్ఞాపకం, మనుషులు, నడక అన్నీ ఆ గంటలోనే ఉన్నాయి. అది తీసేసి ట్యాబ్‌లో బొమ్మలు జతపరచమంటే, విస్తరి తీసేసి విటమిన్ బిళ్ల చేతిలో పెట్టినట్టుంది.

క్యాష్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, వోచరు చూడందే నమ్మను. అందుకని ఈ మెదడు వ్యాయామాల సంగతి కొంత చదివాను. అమెరికాలో 1998లో యాక్టివ్ అనే పెద్ద పరిశోధన మొదలైంది. 65 దాటిన 2,800 మందిని తీసుకుని, కొందరికి జ్ఞాపకశక్తిలో, కొందరికి తర్కంలో, కొందరికి కంటికి కనిపించింది చటుక్కున పోల్చుకునే వేగంలో తలా పది క్లాసులు తర్ఫీదు ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. పదేళ్ల తర్వాత చూస్తే తర్కం, వేగం నేర్చినవాళ్లకు ఆ లాభం ఇంకా కొంత మిగిలి ఉంది. జ్ఞాపకశక్తి తర్ఫీదు తీసుకున్నవాళ్లకు మాత్రం మిగల్లేదు. మరో సంగతి, దేన్ని సాధన చేస్తే అదే మెరుగుపడింది, పక్కదానికి పాకలేదు. వేగం సాధన చేసినవాళ్లలో డిమెన్షియా, అంటే ముదిరే మతిమరుపు జబ్బు, తక్కువగా కనిపించిందని 2017లో ఇంకో లెక్క తీశారు. కాబట్టి ఈ ఆటలన్నీ దండగని నేననను. కానీ "ఇది ఆడితే మతిమరుపు రాదు" అనే ప్రకటన వేరు. అలాంటి మాటలతో అమ్మినందుకే లుమోసిటీ అనే ఆటల కంపెనీ 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. చెప్పినదానికి సరిపడా రుజువు వాళ్ల దగ్గర లేదని కమిషన్ తప్పుపట్టింది.

ఇక ఫిన్లాండ్‌లో ఫింగర్ అని ఒకటి చేశారు. 60 నుంచి 77 ఏళ్ల మధ్యవాళ్లు 1,260 మంది. సగం మందికి మామూలు సలహాలు చెప్పి పంపించారు. మిగతావాళ్ల చేత రెండేళ్లపాటు తిండి సరిచేయించి, వ్యాయామం చేయించి, మెదడుకు తర్ఫీదిచ్చి, బీపీ, షుగర్ లాంటివి కనిపెట్టుకుని ఉన్నారు. ఇవన్నీ చేసినవాళ్ల ఆలోచనాశక్తి సలహాలతో సరిపెట్టినవాళ్లకన్నా మెరుగ్గా ఉందని 2015లో తేల్చారు. తేడా చిన్నదే. కానీ మా వయసులో మొదలుపెట్టినా పనికొస్తుందని తేలింది, నాకు కావలసింది అదే. అన్నీ కలిపి చేశారన్నది గమనించండి. ఒక్క ట్యాబ్ కాదు.

ఇప్పుడు మా మాస్టారి సంగతి చెప్పాలి. చెప్పకుండా ఈ ఉత్తరం ముగిస్తే నన్ను నేను మోసం చేసుకున్నట్టే.

సాయంత్రం గోదావరి గట్టు మీద నడిచొచ్చాక మేం నలుగురైదుగురం మా వరండాలో పదమూడు ముక్కల రమ్మీ ఆడతాం. డబ్బుల్లేవు, పాయింట్లు మాత్రమే. మాలో ఒకాయన తెలుగు లెక్చరర్‌గా రిటైరయ్యారు. ఆదివారం పేపర్లో గళ్ళనుడికట్టు పెన్నుతో పూరించే మనిషి, పెన్సిల్ ముట్టుకోరు. పద్యం ఎత్తుకుంటే నాలుగో పాదం దాకా ఎక్కడా తడబడరు. ఒక సాయంత్రం ఆయన "జోకర్ ఏదండీ?" అని అడిగారు. ఇస్పేటు ఏడు అన్నాం. రెండు చుట్లు తిరగకుండానే మళ్లీ అడిగారు. మూడోసారి అడిగితే నవ్వాం. "మాస్టారూ, చెల్లెమ్మ ఇవాళ కాఫీలో ఏం కలిపింది?" అన్నది నేనే. ఆయనా నవ్వారు.

ఆ తర్వాత అదొక అలవాటైపోయింది. ఆయన జోకర్ ఏదనడం, మేం నవ్వడం. ఒకరోజు షో చెప్పి ముక్కలు పరిచారు. డైమన్ మూడు, కళావరు నాలుగు, ఆఠీను ఐదు వరసగా పేర్చి, సీక్వెన్స్ అన్నారు. మూడూ ఒకే జాతి ముక్కలు కావు కదా, అది సీక్వెన్స్ ఎలా అవుతుంది మాస్టారూ అంటే, ముక్కల వంక చూశారు. మళ్లీ మా వంక చూశారు. తప్పెక్కడుందో ఆయనకు కనిపించడం లేదు. ఆట ఓడిపోయినవాళ్ల ముఖాలు నేను చాలా చూశాను, అది అలాంటి ముఖం కాదు. అప్పటికి ఏడు నెలలుగా మేం నవ్వుతూనే ఉన్నాం.

డాక్టరు దగ్గరికి తీసుకెళితే అల్జీమర్స్ అన్నారు, అదీ డిమెన్షియాలో ఒక రకమే. ఆయన్ని ఆటలోంచి మాత్రం తప్పించలేదు. పక్కన ఒకరు కూర్చుని చేతిలో ముక్కలు సర్ది ఇచ్చేవాళ్లు. పంచడం ఆయనకిష్టం కాబట్టి ఆయనే పంచేవారు. ఒకరికి పన్నెండు, ఒకరికి పదిహేను పడితే, నోరెత్తకుండా కలిపి మళ్లీ పంచుకునేవాళ్లం. రెండేళ్లు అలా గడిచాయి. ఇప్పుడు బయటికి రావడం లేదు. మేమే వెళ్లి కూర్చుంటాం. మా పేర్లు తెలియవు గానీ, ఎవరైనా పద్యం మొదలుపెడితే అందుకుంటారు.

"అంత చదువుకున్నాయనకి, రోజూ బుర్రకి పని చెప్పేవాడికి ఎలా వచ్చిందండీ?" అని వీధిలో అందరూ అడిగారు. న్యూరాలజిస్టు ఒకాయన బ్యాంకువాడికి అర్థమయ్యే భాషలో చెప్పారు. చదువు, ఉద్యోగంలో వాడిన బుర్ర, భాషలు, మనుషులతో మెలగడం, ఇవన్నీ జీవితాంతం మెదడులో వేసుకునే రిజర్వ్ లాంటివట. జబ్బు లోపల విత్‌డ్రా చేస్తూనే ఉన్నా, రిజర్వ్ ఎక్కువున్నవాళ్లకు పైకి చాలాకాలం కనపడదు. కనపడేసరికి లోపల చాలా ఖర్చయిపోయి ఉంటుంది. అందుకే అలాంటివాళ్లు ఒక్కోసారి ఆ తర్వాత తొందరగా దిగజారతారు. కాబట్టి మెదడు వ్యాయామం జబ్బు రాకుండా అడ్డుపడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆలస్యం చేయవచ్చు. మా వయసులో నాలుగేళ్ల ఆలస్యమంటే మాటలా? మనవరాలి పెళ్లిలో ఎవరి పెళ్లో తెలిసి కూర్చోవడం.

నాలుగేళ్లన్నది ఊరికే అనలేదు. మన హైదరాబాద్‌లోనే, నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు, ఒకే భాష వచ్చినవాళ్లకన్నా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు బయటపడింది. అక్షరం ముక్క రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. బడికి పోకపోయినా ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడుకునే ఊరు కదా అది. మూడో భాష వస్తే అదనంగా లాభమేమీ కనపడలేదట. ఇది చదివాక మా ఎదురింటి తమిళావిడ దగ్గర మా ఆవిడ తమిళం మొదలుపెట్టింది. మా ఆవిడకు ఇప్పటిదాకా తెలుగొక్కటే వచ్చు. నాకు ఇంగ్లీషు, హిందీ వచ్చు కాబట్టి నాకు దాని అవసరం లేదన్నాను. అసలు సంగతి, ఆ అక్షరాలు నాకు ఎక్కడం లేదు.

ఈ లెక్కన మీ పిల్లల చేత మాతో తెలుగు మాట్లాడించడం ఉభయతారకం. వాళ్లకు రెండో భాష నిలుస్తుంది, వాళ్ల ఇంగ్లీషు పట్టుకోవడానికి మా బుర్రా కదులుతుంది.

ఫోన్ల సంగతి కూడా అంటాను, ఏమీ అనుకోకండి. రోజూ చేస్తారు, కాదనను. "తిన్నారా? మందులేసుకున్నారా? బీపీ ఎంతుంది?" ఊ, ఆ, నూట ముప్పై. అయిపోయింది. మొన్న మనవరాలు పనసపొట్టు కూర ఎలా చేయాలని మా ఆవిణ్ణి అడిగింది. ఆ కూర చిన్నప్పటి నుంచి మా ఆవిడ చేతులకు తెలిసిన వంట. నోటితో చెప్పాలంటే తెలిసింది ఎంత కష్టమో. చింతపండు పులుసు ఎప్పుడు కలపాలో ముందు చెప్పేసి, మళ్లీ వెనక్కి వచ్చి, "కాదు, ముందు పొట్టు ఉడికించి గట్టిగా పిండాలి" అని సర్దుకుంది. ఆవపిండి దగ్గరికొచ్చేసరికి, "దించాక వేయాలే పిచ్చిదానా, పొయ్యి మీద ఉండగా వేస్తే చేదెక్కుతుంది" అంటూ గొంతు పెంచింది. నలభై నిమిషాలు మాట్లాడింది. ఆ పూట ముఖం కళకళలాడుతోంది. బీపీ ఎంతని మీరు అడిగినప్పుడు అలా ఉండదు మరి.

ఇంకో మాట. మా ఆవిడ కొన్నాళ్లుగా పెళ్లిళ్లలో మూలగా కూర్చుంటోంది. ఎవరు పలకరించినా నవ్వి ఊరుకునేది. "పిల్లలు అమెరికా వెళ్లాక గీర పెరిగింది" అన్నవాళ్లున్నారు. చాదస్తం మొదలైందేమోనని నేను లోలోపల టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే వినపడక. టీవీ సౌండు ఎప్పుడో పెంచేసింది, నేనే పట్టించుకోలేదు. లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో ఒక జాబితా ఇచ్చింది. సరిదిద్దుకోగల కారణాలు 14 ఉన్నాయని, అన్నిటినీ సరిచేయగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపడమో ఆలస్యం చేయడమో సాధ్యమని అంది. అందులో వినికిడి లోపం, చెడ్డ కొలెస్ట్రాల్ రెండూ పెద్ద పద్దులు. బీపీ, షుగరు, సిగరెట్, చూపు, డిప్రెషన్, ఒంటరితనం, చిన్నప్పటి చదువు కూడా ఉన్నాయి. సుడోకు పేరు లేదు. వినికిడి మిషన్లిస్తే ఏమవుతుందని అమెరికాలో మూడేళ్లు చూసి 2023లో చెప్పారు. మొత్తం మీద తేడా రాలేదు గానీ, ముప్పు ఎక్కువున్నవాళ్లలో బుర్ర మందగించే వేగం దాదాపు సగానికి తగ్గింది. అలాగని మిషన్ కొనేసి కొరియర్‌లో పంపించకండి. పరీక్ష చేయించి, చెవికి సరిపెట్టి, గోల అనిపిస్తే మళ్లీ తీసుకెళ్లి సౌండు తగ్గించాలి. మా బీరువాలో ఒకటి డబ్బాలోనే ఉండిపోయింది. రెండోది మూడుసార్లు తిరిగి సర్దించాక ఇప్పుడు పెట్టుకుంటోంది.

మతిమరుపు మొదలైందని మీకు అనుమానం వస్తే మీరే తేల్చేయకండి. సినిమా నటుడి పేరు గుర్తురాక, అర్ధరాత్రి గుర్తొచ్చి లేచి కూర్చుంటే ఫరవాలేదు. రోజూ వెళ్లే దేవీచౌక్ నుంచి ఇంటికి దారి తెలియకపోయినా, ఒకే బిల్లు రెండుసార్లు కట్టినా, కొత్తగా డబ్బు లెక్కల్లో తడబడినా డాక్టరుకి చూపించాలి. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, డిప్రెషన్ ఉన్నా, నిద్రమాత్రలు ఎక్కువైనా మతిమరుపే వస్తుంది. వాటిలో చాలావరకు సరిచేయవచ్చు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లకు బి12 తగ్గవచ్చు. మాలో సగం మంది వేసుకునేది అదే.

మీ భయం నాకు తెలుసు. డిజిటల్ అరెస్టులని, కేవైసీలని రోజుకో మోసం. నాన్న ఓటీపీ చెప్పేస్తాడేమోనని మీరు ఖాతా మొత్తం చేతుల్లోకి తీసుకుంటున్నారు. బ్యాంకువాడిగా ఒక దారి చెబుతాను. పెద్ద మొత్తాలు ఎఫ్‌డీల్లో పెట్టి, నెట్ బ్యాంకింగ్ నుంచి తెంచేయండి. ఇంకో ఖాతాలో నెల ఖర్చుకు సరిపడా మాత్రమే ఉంచండి, యూపీఐ దానికే పెట్టండి. ఆ ఖాతా మాది. పోతే పోయేది నెల ఖర్చు. తప్పు చేస్తే చేస్తాం, ముప్పై రూపాయల ఫైన్ పడితే పడుతుంది. మీరు పాస్‌బుక్ చూస్తూ ఉండండి, మా లెక్క ఎక్కడైనా తప్పుతోందంటే అక్కడే మీకు ముందు తెలుస్తుంది. స్కూటర్ విషయంలో నేను వాదించను. నా కంటి డాక్టరు కూడా మా అబ్బాయి పార్టీయే.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. మిషన్ పెట్టుకుని, శ్రద్ధగా వింది. "పిల్లలు మీకు చేసింది ఈ ఏడాది నుంచే కదా. మీరు నాకు నలభై మూడేళ్లు చేశారు" అంది.

జవాబు లేదు నా దగ్గర. ఊళ్లో అందరి లెక్కలూ చూసినవాణ్ణి. ఇంట్లో చెక్కు ముందు పెట్టి, ఎక్కడ సంతకం చేయాలో వేలుపెట్టి చూపించేవాణ్ణి. ఎంతకని ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు. "నీకెందుకు ఈ తలనొప్పి" అనేవాణ్ణి. ప్రేమగానే అనేవాణ్ణి. మన దేశంలో అరవై దాటిన 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని, మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఎక్కువని, చదువు తక్కువైనవాళ్లలో ఇంకా ఎక్కువని 2023లో అంచనా వేశారు. ఆ లెక్క చదివినప్పుడు పక్క గదిలో ఉన్న మనిషి నాకు గుర్తురాలేదు.

మీ ఇళ్లలోనూ అమ్మలకు ఏటీఎం పిన్ ఎవరికి తెలుసో ఒకసారి కనుక్కోండి.

మా అబ్బాయికి మాత్రం విడిగా ఒక మాట. ట్యాబ్ వృథా కాలేదు, మీ అమ్మ దాని మీద తమిళ అక్షరాలు దిద్దుతోంది. కరెంటు బిల్లు ఆటోపే నేను తీయించేశాను, కోప్పడకు. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు బిల్లు ఎంతొచ్చిందో మీ అమ్మను అడుగు. నాకు తెలియదు. తనే కట్టింది.

ఇట్లు,
రాజమండ్రి నుంచి ఒక నాన్న